కొంగ తలమీది రంగు

బాగ్‌బేరా, టాటానగర్
ఏప్రిల్ 6

ఒలే పద్మా,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు గీతలు దాటి పక్కకి పోతున్నాయి, ఆటోలో కూర్చుని రాశావా ఏమిటి? పైగా "ఫోను ఫొటోలు వద్దు, ఉత్తరమే రాయి, కాస్త పెద్దక్షరాలతో రాయి" అని ఆర్డరొకటి. ఒక్క విషయంలో నీ మాట ఒప్పుకుంటాను. దారం రంగు ఫోనులో చూసి నమ్మడానికి లేదు. పోయినేడు నేను వంకాయరంగు అని ఫొటో పెడితే నీకు బీట్‌రూట్ రంగు కనిపించింది. పెళ్ళయి నువ్వు టెక్కలి వెళ్ళినప్పటి నుంచీ మనం కవర్లో దారప్పోగులు పెట్టి పంపుకుంటూనే ఉన్నాం, ఇప్పుడెందుకు మానాలి.

మీ మహిళా సంఘానికి దిండు గలీబుల మీద ఇంటిచుట్టూ తిరిగే మామూలు పిట్టల్ని కుట్టే పని వచ్చిందన్నావు. కాకికి, పిచ్చుకకి, గోరింకకి, కొంగకి రంగులు పిట్టని చూసి మరీ ఎంచి పంపమన్నావు. చదివి నవ్వుకున్నాను. కాకికి నలుపు, కొంగకి తెలుపు, దీనికి చూడటం దేనికే అనుకున్నాను. అయినా నీ మాట తీసెయ్యలేక దారాల డబ్బా పట్టుకుని వరండాలో కూర్చున్నాను.

పద్మా, మనం ఇన్నేళ్ళూ కళ్ళు ఎక్కడ పెట్టుకుని తిరిగామే? కాకి నల్లగా లేదు. దాని మెడచుట్టూ బూడిదరంగు మఫ్లరు ఉంది. తలమీది నలుపు వేరు, రెక్కమీది నలుపు వేరు. ఎండ పడగానే రెక్క మీద నీలం, ఊదా మెరిసిపోతాయి. ఒక్క కాకికి నాలుగు దారాలు తీశాను. పిచ్చుక మగదానికి నెత్తిమీద బూడిదరంగు టోపీ, కంటి వెనకనుంచి కాఫీగింజ రంగు, గొంతుకింద నల్లటి గుడ్డ కట్టినట్టు మచ్చ. గోరింక కన్నుచుట్టూ పసుపు తోలు ఉందని తెలుసుగానీ, ఎగిరినప్పుడు రెక్కల్లోంచి అంత తెలుపు బయటపడుతుందని నాకు తెలియదు. మా లోయిస్ కాలేజీ నుంచి వచ్చి నన్ను చూసి, "మమ్మీ, కౌవే కో ఘూర్ క్యోఁ రహీ హో?" అంది. కాకిని అలా గుడ్లప్పగించి చూస్తే నవ్వరా మరి.

జుగ్సలాయి బజారంతా తిరిగి అన్నీ కొన్నాను, ఇందులో పెట్టాను.

కొంగకి మాత్రం తెల్లదారమే పంపుతున్నాను. ఆ కొంగల పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. నేను తెల్లగౌన్లు కుట్టుకుని బతికేదాన్ని. గోవింద్‌పూర్ నుంచి గమ్హరియా దాకా మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళంటే గౌనూ తలమీది వెయిలూ నా దగ్గరికే వస్తాయి. మా క్వార్టర్ల వరసకెదురుగా చింతచెట్టు ఉంది చూడు, కాలనీ నీళ్ళ టాంకు పక్కన, దాని నిండా కొంగలే. మొన్న ఫ్లోరా పెళ్ళిగౌను ఉతికి ఆరేస్తే భుజం మీద రెట్ట వేశాయి. అది చాలదన్నట్టు ఇప్పుడు ఒంటినిండా ఎర్రదుమ్ము పూసుకుని వస్తున్నాయి. మా రైల్వే యార్డులో ఇనుపరాయి మోసే ఓర్ వేగన్లు నిలబడతాయి కదా, వాటిమీద కూర్చుని తలకీ మెడకీ ఇనుపరాయి దుమ్ము అంటించుకుని, తెచ్చి మా టాంకులో దులుపుతున్నాయి. మా ఆయన గూడ్స్ గార్డు, ఆ వేగన్ల వెనకాలే ఆయన ఉద్యోగం, ఆయన కూడా అదే అన్నాడు.

నేను ఊరుకోలేదు. వరహాలు పిన్నిని ముందుపెట్టి వరస మొత్తం చేత సంతకాలు చేయించి, కాలనీ ఇంజనీరు సౌరభ్ బాబుకి ఇచ్చాను. వానలు పడేలోపు చెట్టు కొట్టించేస్తామని మాటిచ్చాడు. పీడ విరగడైపోతుంది.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ జయమణి


టెక్కలి
ఏప్రిల్ 17

జయా,

దారాలు చేరాయి. కాకికి నాలుగు పోగులు చూసి మా సంఘం వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గలీబు మీద కాకి మెడ తిప్పి చూస్తున్నట్టే ఉంది.

నీ ఉత్తరం మా ఆయన చేత చదివించుకున్నాను, అందుకే ఆయన నవ్వు కూడా వినాల్సి వచ్చింది. కానీ కొంగల సంగతి దగ్గర నేను ఆగిపోయాను. మర్నాడు పొద్దున్నే మా కళ్ళం దగ్గరికి వెళ్ళాను. మా గేదెలు మేస్తుంటే వాటి కాళ్ళ దగ్గర పురుగులు ఏరుకుంటూ కొంగలు తిరుగుతాయి. గేదెని పట్టుకుని నిలబడితే అవి మనల్ని లెక్కచెయ్యవు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చాయి.

జయా, మా కొంగల తల కూడా అదే రంగులో ఉంది.

అన్నిటికీ కాదు. కొన్ని పాలలా ఉన్నాయి, కొన్నిటికి నెత్తిన, మెడ ముందు, వీపు మీద రంగు. నేను మా ఆయన్ని పిలిచాను. "సూడండి, కొంగకి నెత్తిమీద రంగుంది" అన్నాను. ఆయన కళ్ళు చికిలించి చూసి, "బురదేమోనే" అన్నాడు. "మన బురద నల్లది కదేటి" అన్నాను. "అయితే నీ సీరంచు రంగు దిగిందేమో" అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గేదెల వెనక తిరిగే మనిషి, ఒక్కనాడూ చూడలేదట.

మా కళ్ళానికీ రైలుపట్టాలకీ చాలా దూరమే. ఇక్కడ ఇనుపరాయి అంటే ఎవరికీ తెలియదు. మరి మీ వేగన్ల దుమ్ము మా కొంగ నెత్తికి ఎలా వచ్చింది?

డబ్బా తీసుకెళ్ళి కొంగ పక్కన పోగులు పెట్టి చూశాను. పసుపు సరిపోలేదు, ఇటుకరంగు అసలే కాదు. ఈ కవర్లో పెట్టినది సరిగ్గా కలిసింది, పలచటి నారింజ. నువ్వు మీ వేగన్ల దుమ్ము పక్కన పెట్టి చూసి నాకు రాయి. నాకు నిద్ర పట్టేలా లేదు.

పద్మకుమారి


బాగ్‌బేరా
మే 3

పద్మా, పద్మా,

కూర్చుని చదువు.

నీ పోగు అందగానే మా ఆయన ఏసుదానాన్ని పట్టుకున్నాను. "యార్డుకెల్లి ఓర్ వేగన్ దుమ్ము పొట్లం కట్టి తెత్తావా లేదా" అన్నాను. "ఏటే, దాన్నేసి కూర సేత్తావా?" అన్నాడు, కానీ తెచ్చాడు. తడి చేసిన తెల్లదారానికి ఆ దుమ్ము పూసి, నీ పోగు పక్కన పెట్టాను. దుమ్ము పట్టిన దారం ఎండిన రక్తంలా ముదురుగా ఉంది. నీ పోగు లేత నారింజ. అత్తకీ కోడలికీ ఉన్నంత తేడా ఉంది.

అప్పటికీ నేను పూర్తిగా నమ్మలేదు. ఆ సాయంత్రం కాలబైశాఖి గాలివాన వచ్చింది. రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గాలి, తర్వాత రాళ్ళవాన. పొద్దున లేచి చూస్తే చింతాకు ప్రతిదీ కడిగి పెట్టినట్టుంది, యార్డులో వేగన్లు కూడా స్నానం చేసినట్టున్నాయి. నేను చెట్టుకింద నిలబడి పైకి చూశాను. కొంగల నెత్తిమీద రంగు అలాగే ఉంది. ఇంకా నిగనిగలాడుతోంది.

అక్కడినుంచి నేను ఇంటికి రాలేదు. పొయ్యిమీద పప్పు మాడిపోయింది. రంగున్న కొంగలకి ముక్కు మొదట్లో కుంకుమ ఎరుపు, కాళ్ళు కూడా ఎర్రబడ్డాయి. తెల్లగా ఉన్నవాటి ముక్కు ఉత్త పసుపే. రంగున్నవే పుల్లలు ఏరి తెస్తున్నాయి. ఒకటి పుల్ల తెచ్చి ఇంకోదాని ముందు పెడితే, అది వీపుమీది నారింజ ఈకలన్నీ విప్పి మెడ వంచింది. నేను ఇన్నేళ్ళ నుంచి పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేస్తున్నాను పద్మా, పెళ్ళి ముస్తాబు ఏదో నాకు ఒకరు చెప్పాలా? అవి దుమ్ము కొట్టుకుపోయిన కొంగలు కావు. అవి పెళ్ళిబట్టలు కట్టుకున్నాయి.

అప్పుడే చెట్టు సంగతి గుర్తొచ్చింది.

పరుగెత్తుకుని సౌరభ్ బాబు దగ్గరికి వెళ్ళాను. "బాబూ, చెట్టు కొట్టించకండి, అవి గూళ్ళు కడుతున్నాయి" అన్నాను. ఆయన ఫైలు తెరిచి, "దీదీ, ఆప్ హీ నే తో సైన్ కర్‌వాయా" అన్నాడు. నిజమే, అందరి చేతా సంతకం పెట్టించింది నేనే. చెట్టు కొట్టడానికి అందులో రాసిన కారణం కూడా నేను చెప్పిందే, కొంగలు ఓర్ దుమ్ము మోసుకొచ్చి టాంకులో పోస్తున్నాయని. సంతకాలు పెట్టినవాళ్ళంతా వెనక్కి తీసుకుంటే ఫైలు తిప్పి పంపుతాను, లేకపోతే జూన్‌లో మనుషులు వస్తారు అన్నాడు.

వరసలో అందరూ వరహాలు పిన్ని మాట మీదే నిలబడతారు. మీ నాన్నగారి వైపు నీకు కూడా పిన్నే కదా ఆవిడ. లోయిస్ ఫోనులో వెతికి నారింజ తలకొంగల ఫొటోలు బోలెడు చూపించింది. పిన్ని ముఖం తిప్పుకుంది. "ఫోన్లో పులిని కూడా పచ్చగా సూపిత్తారు. మన యార్డు కొంగకి మన యార్డు దుమ్మే. కాదని మన మనిసి ఎవులైనా కళ్ళారా సూసి సెప్తే అప్పుడు సూద్దాం" అంది. నీ పోగు చూపించాను. అప్పుడు కాస్త మెత్తబడింది. "పద్మ అబద్దమాడదు. దుమ్ము లేని సోట కొంగకి రంగుందని దాని సేత రాయించు, నాను సంతకం తీసేత్తాను" అంది.

పద్మా, నువ్వు చూసింది చూసినట్టు ఒక కాగితం మీద రాసి పంపవే. ఈ చెట్టు నీ చేతిలో ఉంది.

జయ


టెక్కలి
మే 11

జయా,

నీ ఉత్తరం మా ఆయన చదివి వినిపించాడు. నేను కాగితం మొదలుపెట్టాను. సగం రాసి చింపేశాను.

నేను నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నా రెండు కళ్ళలోనూ శుక్లాలు. చాలా నెలలుగా ఉన్నాయి. అందుకే ఫోను వద్దన్నాను, ఆ వెలుగు నాకు గుచ్చుకుంటుంది. అందుకే పెద్దక్షరాలు అడిగాను. కత్తి కంట్లో పెడతారంటే నాకు చచ్చేంత భయం. కుట్టుపని చేసే మనిషిని, కన్ను పోతే నేనేం చెయ్యను? అందుకని రేపు రేపు అంటూ గడిపాను, నీకు చెబితే తిడతావని చెప్పలేదు.

మొన్న మా ఆయన శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చూసి, "మీకు అన్నీ పసుపు అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తాయమ్మా, తెలుపు కూడా పసుపుగానే ఉంటుంది" అంది. జయా, ఆ మాట విన్నప్పుడు నా కన్ను గుర్తు రాలేదు, నీ చెట్టు గుర్తొచ్చింది. నేను చూసిన నారింజ కొంగ మీద ఉందో నా కంట్లో ఉందో నాకే తెలియదు. వరహాలు పిన్ని కళ్ళారా చూసినవాళ్ళు కావాలంది. నా కళ్ళ సాక్ష్యం ఎవరికి కావాలి?

నా పోగు తీసి పక్కన పడెయ్. నన్ను నమ్మి ఎవరిదగ్గరా మాటపడకు.

పద్మ


బాగ్‌బేరా
మే 17

పద్మకుమారి గారికి,

గారు అని ఎందుకన్నానో తెలుసా? స్నేహితురాలివైతే చెప్పేదానివి. ఇన్ని నెలలు దాచావా? నువ్వు కనిపిస్తే వీపు విమానం మోత మోగించేదాన్ని. ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత కోపం వచ్చింది, తర్వాత మళ్ళీ ఏడ్చాను. ఇక చాలు.

ఇప్పుడు విను. నువ్వు తెలివైనదానివనుకున్నాను, మొద్దువి. కొంగని ఏ కంటితో చూశావు? అదే కంటితో కదా పోగునీ చూశావు? నీ కంట్లో పసుపు అద్దం ఉంటే అది కొంగకీ ఉంది, పోగుకీ ఉంది. తెల్లకొంగ పక్కన రంగుకొంగ వేరుగా కనిపించిందా లేదా? నువ్వే రాశావు, కొన్ని పాలలా ఉన్నాయని. కన్ను తప్పైతే అన్నీ ఒకేలా ఉండాలి.

అనుమానం తీరకపోతే ఇది కూడా విను. నిన్న చెట్టుకింద ఒక ఈక దొరికింది. పొడుగ్గా, సన్నగా, వీపుమీది ఈక. నీ పోగుని దానిమీద పెట్టాను. ఎక్కడ దారం అయిపోయిందో ఎక్కడ ఈక మొదలైందో మా లోయిస్ వేలు పెట్టి చూపించలేకపోయింది. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నేను ఎదురుగా కాకిని చూసి నలుపనుకున్నాను. నువ్వు శుక్లాలు పెట్టుకుని గేదె కాళ్ళమధ్య నిలబడి సరైన రంగు తీశావు.

కాబట్టి కాగితం రాయి. కానీ ముందు ఆపరేషన్ చేయించుకో. చెట్టు కోసం కాదు, నాకోసం. మా చర్చిలో నీ పేరు పెట్టి ప్రార్థన చేయించాను, నువ్వు మీ పాలపోలమ్మకి మొక్కుకో, ఇద్దరూ చూసుకుంటారు. కంట్లో కత్తి కాదు, ఏదో చిన్న సందులోంచి చేస్తారట, మా వరసలో ఇద్దరికి చేశారు, మర్నాడే చపాతీలు ఒత్తారు.

మనుషులు జూన్ నెలలో ఏరోజైనా రావచ్చు. రోజూ లేవగానే గేటు వైపు చూస్తున్నాను.

జయ


టెక్కలి
జూన్ 9

జయా,

ఇది నేనే రాస్తున్నాను. కానీ ఈసారి గీత మీదే రాస్తున్నాను. చూడు, ఒక్క అక్షరమైనా పక్కకి పోయిందేమో చూడు.

కుడికన్ను అయింది. కట్టు విప్పగానే మొదట కనిపించింది నర్సమ్మ చీర. నీలం. జయా, నీలం అనేది ఒకటి ఉందని నేను మర్చిపోయానే. ఆకాశం ఇంత నీలంగా ఉండేదా? ఇంటికొచ్చాక మా గోడలు చూసి, "ఎప్పుడు సున్నమేయించినారు?" అని అడిగాను. మా ఆయన బిత్తరపోయాడు. అవి అదే తెలుపట, నాకే బెల్లం పూసినట్టు కనిపించేదట. ఒక కన్ను మూసి చూస్తే బెల్లంగోడ, ఇంకో కన్ను మూస్తే పాలగోడ. రోజంతా ఒక కన్నూ ఇంకో కన్నూ మూస్తూ తిరుగుతుంటే, "పిచ్చెక్కిందేటి" అంటున్నాడు.

ఇంకో సంగతి చెబితే నవ్వి చస్తావు. నువ్వు పంపిన నాలుగు పోగుల్లో కాకి తలకి నేను నలుపనుకుని వేసింది ముదురు నీలం. గలీబులన్నిటి మీదా నీలం తల కాకులే. విప్పేద్దామని కూర్చుంటే పని ఇచ్చినావిడ వచ్చి, "అలాగే ఉంచండి, బాగున్నాయి" అంది.

కరెంటు తీగమీద పసులపోలిగాడు కూర్చుంటుంది కదా, తోకచీలిన నల్లపిట్ట. దాని ముక్కు పక్కన ఆవగింజంత తెల్లచుక్క ఉంది, నీకు తెలుసా? గుంపుగా గోల చేసే మట్టిరంగు పిట్టలు, మన చిన్నప్పుడు సాత్ భాయ్ అనేవాళ్ళం, వాటి కన్ను తెల్లగా ఉంటుంది. ఎంత కోపంగా చూస్తాయో. రామచిలుక మెడపట్టీ ముందు నలుపు, వెనక గులాబీ. వీటన్నిటినీ నేను ఎప్పుడు చూశాను? కళ్ళు బాగున్నప్పుడు కూడా చూడలేదు.

డాక్టరమ్మ బయట తిరగొద్దంది. కానీ నల్లద్దాలు పెట్టుకుని కళ్ళందాకా వెళ్ళాను, తిట్టకు. గేదె పక్కన నిలబడి అద్దాలు ఒక్క క్షణం తీశాను. కొంగ తెల్లగా, ఉప్పులా ఉంది. దాని నెత్తిమీద నారింజ ఉంది. అది నా కంట్లోది కాదు. దానిదే.

కాగితం ఇందులో పెట్టాను. ఆపరేషన్‌కి ముందు చూశానని, తర్వాత కూడా చూశానని, రెండుసార్లూ అదే రంగని రాశాను. పిన్నికి నా దండాలు చెప్పు. స్పీడ్ పోస్టులో వేయమని మా ఆయన్ని తరిమాను. వేళకి చేరితే చాలు.

పద్మ


బాగ్‌బేరా
జూన్ 19

పద్మా,

మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఈసారి నన్ను వెక్కిరించు.

నిన్న పొద్దున నేను వీధి ఊడుస్తుండగా ట్రాక్టరు వచ్చింది. తాళ్ళు, గొడ్డళ్ళు, మిషను రంపం. నేను చీపురు అక్కడే పడేసి నీ కాగితం తీసుకుని పరుగెత్తాను. స్పీడ్ పోస్టని పేరేగానీ అది అంతకు ముందురోజు సాయంత్రమే చేరింది, పిన్ని చర్చి మీటింగుకి గోవింద్‌పూర్ వెళ్ళిపోవడంతో చూపించడానికి కుదరలేదు. నేను వెళ్ళేసరికి ఒకతను తాడు నడుముకి కట్టుకుని చెట్టెక్కేశాడు. సౌరభ్ బాబు కింద నిలబడి ఉన్నాడు. వరస మొత్తం వచ్చేసింది. రాత్రి పొద్దుపోయాక తిరిగొచ్చిన పిన్ని కూడా.

నేను కాగితం అందరికీ వినపడేలా చదివాను. ఆపరేషన్‌కి ముందు, తర్వాత అన్నచోట పిన్ని కళ్ళు తుడుచుకుంది. "పిల్ల కన్ను బాగుపడింది, అది సాలు" అంది. కానీ వెంటనే, "అది టెక్కలి కొంగే. ఇది యార్డు కొంగ. దీనికి దుమ్ము కాదని ఎలగ నమ్మీది?" అంది. వెనకాల ఇద్దరు ముగ్గురు అవునవునన్నారు. సౌరభ్ బాబు గడియారం చూసుకున్నాడు. పైనున్నతను కొమ్మకి తాడు బిగిస్తున్నాడు.

నాకు ఎక్కడినుంచి తట్టిందో చెప్పలేను. ఎర్రగుడ్డకి తెల్లలేసు కుట్టేముందు నువ్వూ నేనూ ఏం చేస్తాం? రంగు దిగుతుందో లేదో చూడకుండా సూది ఎత్తుతామా? ఇంట్లోకి పరుగెత్తి ఈక తెచ్చాను, దుమ్ము పొట్లం తెచ్చాను, ఫ్లోరా గౌనులో మిగిలిన తెల్ల శాటిన్ ముక్క తెచ్చాను. టాంకు కుళాయి కింద గుడ్డ తడిపి పిన్ని చేతిలో పెట్టాను.

"నాను ముట్టను. నువ్వే రుద్దు" అన్నాను.

ముందు దుమ్ము రుద్దింది. గుడ్డ ఎర్రగా, మరకమరకగా అయింది. గుడ్డ మడత మార్చి ఈక రుద్దింది. మెల్లిగా కాదు, ఆవిడ బిందె తోమినట్టు రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. సబ్బు తెప్పించి మళ్ళీ రుద్దింది. తెల్లగానే ఉంది. ఈక తడిసి ముద్దైంది గానీ నారింజ నారింజగానే ఉంది. పిన్ని గుడ్డని వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

తర్వాత ఆవిడ సౌరభ్ బాబు వైపు తిరిగి, జన్మలో హిందీ సరిగ్గా మాట్లాడని మనిషి, "సార్, మేరా సైన్ కాటో" అంది, నా సంతకం కొట్టెయ్యండని. ఆవిడ కాటో అనగానే వరసంతా కాటో కాటో అని మొదలుపెట్టారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. సౌరభ్ బాబు కాసేపు తల గోక్కుని, ఆ గుడ్డ అడిగి తీసుకున్నాడు. ఫైలులో పెడతాడట. ఆ ఫైలు మీదే అక్కడే రాశాడు, కొంగపిల్లలు ఎగిరిపోయేదాకా చెట్టు ముట్టరాదని, టాంకుకి మూత వేయించాలని. మూత మాట ఇన్నాళ్ళూ మాలో ఒక్కరికీ తట్టలేదు.

పైకి అరిచి అతన్ని దిగమన్నారు. అతను దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక తాడు విప్పుకోకుండా చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. నేను నీళ్ళిచ్చాను. తాగి, హిందీలో మెల్లిగా చెప్పాడు. అతను తాడు బిగించిన కొమ్మ మీద గూడుందట. కొంగ కూర్చుని ఉందట. తాడు దాని రెక్కకి తగిలినా అది లేవలేదట. గొడ్డలి చూసింది, అతన్ని చూసింది, మెడ దించి ఇంకా గట్టిగా కూర్చుందట. "నెత్తిన నారింజరంగుంది దీదీ. నేను ఇన్ని చెట్లెక్కాను, కొంగని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. కిందినుంచి పిలుపు రాకపోతే ఏం చేసేవాడివి అని ఎవరో అడిగారు. అతను గ్లాసు నా చేతికిచ్చి లేచి వెళ్ళిపోయాడు.

ఆ కొంగ ఇప్పుడు కూడా అక్కడే ఉంది పద్మా. నేను వరండాలో కూర్చుని రాస్తూ దాన్నే చూస్తున్నాను. ఎడమకన్ను కూడా చేయించుకుని రైలెక్కు. పిల్లలు ఎగిరిపోకముందే రా.

జయ